గుండీకి మూడు కాజాలు

దర్జీగా నేను చేసిన ఘోరాలకు కొదవ లేదు. ఒక పెళ్ళికొడుకు షేర్వానీకి ఒక చెయ్యి మణికట్టు దాకా, ఇంకో చెయ్యి మోచేతి కిందికీ కుట్టాను. పాపం ఆయన పెళ్ళంతా ఒక చెయ్యి వెనక దాచుకుని నిలబడితే, ఫొటోలు చూసినవాళ్ళు ఏం దర్జా అని మెచ్చుకున్నారు. ఒక హెడ్మాస్టరు గారి పాంటులో సూది మర్చిపోయాను. ఆయన ఆ రోజు ఒక్క క్షణం కూడా కూర్చోకుండా పాఠం చెప్పాడని బడి మొత్తం పొగిడిందట. ఇవన్నీ నవ్వుకుంటే పోయే తప్పులు. ఇప్పుడు చెప్పబోయే తప్పు వీటన్నిటికీ తాత. ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు యాభై మూడేళ్ళు, అంటే బుద్ధి ఇంకా రాని పసివయసు. మీరు నవ్వుకోవాలనే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నవ్వు ఆగిపోతే, ఆ తప్పు కూడా నాదే అనుకోండి.

నా పేరు విఠల్. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో నా దుకాణం. ఒక కుట్టు మిషను, ఒక కత్తిరింపు బల్ల, ఒక నిలువుటద్దం, నేను. సరంజామా అంతే. ఇల్లు నాంపల్లిలో, రెండో అంతస్తు. ఇంట్లో మా అక్క శకుంతల, నేను. అక్క ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. బావ పోయాక నా దగ్గరికి వచ్చేసింది. ఆమెకు పిల్లలు లేరు. నాకు పెళ్ళే లేదు. పట్నంలో సగం మంది పెళ్ళికొడుకులకు కోట్లు కుట్టి పంపాను గానీ, నాకొకటి కుట్టుకునే తీరిక దొరకలేదు.

మూడోవాడు గుండీ. దుకాణంలో బట్ట ముక్కలు పడేసే సంచిలో దొరికాడు, పిడికెడంత కుక్కపిల్ల. ముక్కు అచ్చం కోటు గుండీలా నల్లగా, గుండ్రంగా ఉండేది. తెచ్చి అక్క ఒళ్ళో పెడితే, "కుక్కనా? ఇంట్లనా? నడువ్ బయటికి!" అంది. ఆ మాట అన్నది నన్ను, కుక్కను కాదు. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు వాడు అక్క మంచం కిందే ఉన్నాడు. వాణ్ణి ఎవరైనా 'అది' అంటే అక్క ఒప్పుకునేది కాదు. ఆదివారం పొద్దున ముగ్గురం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకుంటూ మొజంజాహీ మార్కెట్ దాకా నడిచేవాళ్ళం. అక్క ఐస్‌క్రీమ్ తిని, కప్పు అడుగున కాస్త వదిలి, చెక్క చెంచాతో తీసి వాడి నోటికి అందించేది. తమ్ముణ్ణి నేనూ పక్కనే ఉండేవాణ్ణి. నాకు ఒక్కనాడూ అందించలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వస్తాను. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ నేను ఒక పాఠం చెప్పేవాణ్ణి. కొత్త బట్ట చేతికి రాగానే ఎవరైనా అద్దం ముందు పెట్టుకుని మురుస్తారు కదా, నేను దాన్ని లాక్కుని లోపలి వైపు తిప్పేవాణ్ణి. "బయటి కుట్టు అందరు జూస్తరు. లోపలి కుట్టు దర్జీకి, దేవునికే ఎరుక. తిప్పి జూడున్రి!" అనేవాణ్ణి. నాంపల్లిలో జంతువుల దవాఖాన పెట్టిన డాక్టర్ మృదుల కూడా తన తెల్లకోటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చి, ఈ పాఠం పూర్తిగా విని వెళ్ళింది. మీరు ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

ఆ ఏడు వానాకాలంలో గుండీ తిండి తగ్గించాడు. తిన్నది కక్కేవాడు. నడుము సన్నబడింది.

"వయసైతుంది గదక్కా," అన్నాను నేను.

"వయసు ఏండ్ల లెక్కన వస్తదిరా. వీడు నెలల రెండు కిలోలు తగ్గిండు. లెక్క కుదుర్తలేదు. నడువ్ దవాఖానకు," అంది అక్క.

మృదుల మేడమ్ స్కాన్ తీసింది. తీసి, కుర్చీని అక్క దగ్గరికి లాక్కుని కూర్చుంది. డాక్టర్లు కుర్చీ దగ్గరికి లాక్కున్నారంటే మంచి కబురు కాదని నాకు అప్పుడే తెలిసింది.

"చిన్న పేగులో గడ్డ ఉందమ్మా. చెడ్డ గడ్డే అనుకుంటున్నా. కానీ చుట్టుపక్కలకు పాకినట్టు కనిపించట్లేదు. ఇప్పుడు తీసేస్తే వాడికి మంచి రోజులు ఇంకా ఉంటాయి."

"కడుపంత కోస్తరా బిడ్డా?" అక్క గొంతు నేనెప్పుడూ వినని గొంతు.

"కొయ్యనమ్మా. మూడు చిన్న కోతలు పెడతాను. ఒకదాంట్లోంచి సన్న గొట్టం పోతుంది, దాని కొసన కెమెరా. లోపలంతా టీవీలో కనిపిస్తుంది. గడ్డ ఉన్న పేగును ఇంకో కోతలోంచి బయటికి తీసి, పాడైన ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి కుట్టి, మళ్ళీ లోపల పెట్టేస్తాను. నొప్పి తక్కువ. తొందరగా లేస్తాడు."

"అంటే మేడమ్, కాజాల నుంచి చెయ్యి పెట్టి కోటు లైనింగు మార్చినట్టు?" అన్నాను.

"దాదాపు అంతే మాస్టర్," అని నవ్వింది.

నేను నవ్వలేదు, నమ్మనూ లేదు. నేనైతే లైనింగు మార్చాలంటే అంచు మొత్తం విప్పుతాను. కాజాలో నుంచి కోటు బాగుచేసిన దర్జీని నేను చూడలేదు. చూడలేదు కాబట్టి లేడని తేల్చేశాను. ముప్ఫై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర నిలబడితే మనిషికి బల్ల అంచే లోకం అంచు అయిపోతుంది.

ఆపరేషన్ రోజు బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. కష్టం వస్తే అందరూ దేవుణ్ణి తలుచుకుంటారు. మా అక్క పంతొమ్మిదో ఎక్కం చదువుతుంది. పెదవులు కదుపుతూ పంతొమ్మిది ఒకట్లు పంతొమ్మిది అని మొదలుపెట్టి, చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చేది. నేను కూడా చదువుదామనుకున్నాను. పంతొమ్మిది నాల్గుల దగ్గర ఆగిపోయాను.

రెండు గంటలకు తలుపు తెరుచుకుంది. మేడమ్ మాస్కు కిందికి లాగి, "బాగా అయిందమ్మా. గడ్డ మొత్తం వచ్చేసింది. లోపలికెళ్ళి చూడండి," అంది. అక్క లేచిన వేగానికి బెంచీ ఒక పక్కకు లేచింది, నేను కింద పడబోయాను. అప్పుడు మేడమ్ నా వైపు తిరిగి ఫోను తీసింది.

"మాస్టర్, ఇటు రండి. కెమెరాలో తీసింది ఉంది. లోపలి కుట్టు చూద్దురు గాని. మీరు చూడకపోతే ఇంకెవరు చూస్తారు?"

ఎంత ప్రేమగా పిలిచిందో చూశారు కదా. నేనేమన్నానో వినండి.

"మల్లెప్పుడన్న చూస్త మేడమ్. దుకాణం తెరవాలె."

దుకాణానికి ఆ రోజు సెలవు. నిజమేమిటంటే నాకు కాళ్ళు వణుకుతున్నాయి. తాను తానంతా ఒక్క పట్టున చించే చేతులే, కానీ వాడి పేగును చూడాలంటే నా వల్ల కాలేదు. భయమేస్తోంది మేడమ్ అంటే ఏం పోయేది? ఆమె ఇంకాస్త ప్రేమగా నవ్వేది, అంతే. కానీ మాస్టరు అనిపించుకున్నవాడికి భయం ఒప్పుకోవడం కంటే గొప్ప పోవడం తేలిక.

మర్నాడు గుండీని ఇంటికి పంపించారు. మేడమ్ జాగ్రత్తలు చెప్పింది. మెట్లు ఎక్కించకూడదు, గెంతనివ్వకూడదు. బాగా మెత్తగా ఉడికిన గంజి రోజుకు ఆరుసార్లు, కొంచెం కొంచెం. ఇంకేదీ నోట్లో పడకూడదు. "లోపలి కుట్టు అతుక్కోవడానికి టైం పడుతుంది. బయటికి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. మోసపోకండి," అని రెండుసార్లు చెప్పింది. రెండోసారి నా వైపు చూసే చెప్పింది.

లెక్కల టీచరుకు ఇంతకంటే పండగ ఏముంది? అక్క స్కేలు పెట్టి ఒక చార్టు గీసింది. పద్నాలుగు వరసలు, వరసకు ఆరు గడులు. గంజి పోసిన ప్రతిసారీ గడిలో ఎర్ర పెన్సిల్‌తో టిక్కు. చార్టును గోడకు అంటించి నన్ను పిలిచింది.

"పద్నాలుగు దినాలు. పదమూడు గాదు. తల మీద చెయ్యి పెట్టి చెప్పు."

"ఎవరి తల మీద?"

"వాని తల మీద."

గుండీ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. వాడు నా అరచెయ్యి నాకాడు.

కుట్లు నాక్కోకుండా వాడికి ఒక అంగీ తొడగమని మేడమ్ చెప్పింది. నేను మిగిలిపోయిన బూడిదరంగు సూటు గుడ్డతో కుట్టాను. కాలరు పెట్టాను. రొమ్ము మీద జేబు కూడా పెట్టాను.

"కుక్కకు జేబెందుకురా?" అంది అక్క.

"ఏమన్న పెట్టుకుంటడు."

చాలా రోజుల తర్వాత అక్క నవ్విన నవ్వు అది. ఆ అంగీలో గుండీ పదవీ విరమణ చేసిన తహసీల్దారులా మంచం కింద పడుకునేవాడు.

ఇక మూడో రోజు. అక్క హిమాయత్‌నగర్‌లో తనతో పనిచేసిన టీచరమ్మను చూడటానికి వెళ్ళింది. "మూడున్నరకు గంజి. ఐదో గడి," అని వేలు పెట్టి చూపించి మరీ వెళ్ళింది. ఆమె అటు పోగానే మా దుకాణం సందువాళ్ళు ఇద్దరు పరామర్శకు వచ్చారు. ఒకడు ఇస్త్రీ యాదగిరి, ఇంకొకడు దారాలు, గుండీలు అమ్మే ఖాదర్ భాయ్. మా దగ్గర దవాఖాన నుంచి ఎవరు ఇంటికొచ్చినా టిఫిన్ డబ్బా లేకుండా చూడటానికి పోరు. యాదగిరి డబ్బా నిండా నల్లి బొక్కల షోర్వా, అంటే మూలుగ ఎముకల పులుసు, తెచ్చాడు. నాకోసమే తెచ్చాడు, అతని తప్పు ఇసుమంతైనా లేదు.

మా సందులో ఇంకో ఆచారం కూడా ఉంది. ఆపరేషన్ అయినవాణ్ణి మొదట అడిగేది ఎట్లున్నవని కాదు, ఎన్ని కుట్లు పడ్డాయని. కుట్లను బట్టే గౌరవం. యాదగిరికి ఎప్పుడో పాత పద్ధతిలో కడుపు కోసి రాళ్ళు తీశారు. అప్పటి నుంచి చావుకెళ్ళినా పెళ్ళికెళ్ళినా అంగీ పైకెత్తి చూపిస్తాడు.

"ఎన్ని పడ్డయ్ మాస్టర్? నాకు పద్దెనిమిది," అని అలవాటుగా అంగీ ఎత్తాడు.

నేను గుండీ అంగీ ఎత్తి చూపించాను. కడుపు కింద గొరిగిన చోట మూడు గీతలు. ఒకటి రెండు వేళ్ళ వెడల్పు, మిగతా రెండూ అచ్చం కాజాలంత.

"గివ్వేనా?" అన్నాడు యాదగిరి. "అరె, దోమ కుట్టినట్టున్నయ్ గదనే! గీ సందుల కెల్లి గడ్డ తీసిన్రా? నువ్వు నమ్మినవా?"

సిగ్గుగా అనిపించింది. అక్కడికేదో నేను పంపిన బట్టను తక్కువ కుట్లతో తిరిగిచ్చినట్టు. "నేను గూడ గదే అనుకుంటున్న. పెద్ద ఆపరేషన్ ఏం గాలే. మూడు కాజాలు గొట్టిన్రు, అంతే. మనోడు మంచిగున్నడు," అన్నాను.

"మాస్టర్, డాక్టరమ్మ పద్నాలుగు రోజులు అన్నది గద?" అన్నాడు ఖాదర్ భాయ్ మెల్లగా. ఆయన ఎప్పుడూ మెల్లగానే మాట్లాడతాడు, అందుకే ఎవరూ వినరు.

"ఖాదర్ భాయ్, ముప్ఫై ఏండ్ల నుంచి కుట్టు జూస్తున్న. నాకు జెప్తవా?"

"నేనేం జెప్పను మాస్టర్. నేను దారం అమ్మేటోన్ని," అని ఊరుకున్నాడు.

డబ్బా మూత తియ్యగానే వాసన గది అంతా నిండింది. మంచం కింద నుంచి నల్లటి ముక్కు బయటికి వచ్చింది. మూడు రోజులుగా గంజి తప్ప ఎరగని ముక్కు. ఆ వెనకాల రెండు కళ్ళు. అయ్యా, ఆ కళ్ళను నేను వర్ణించను, కుక్కను పెంచినవాళ్ళకు చెప్పక్కర్లేదు, పెంచనివాళ్ళకు చెప్పినా లాభం లేదు. ఒక నల్లి బొక్క తీసి ముందు పెట్టాను. షోర్వా కాస్త గిన్నెలో పోశాను.

వాడు బొక్కను రెండు కాళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని, కటకటా నమిలాడు. తోక నేలకు కొట్టుకుంది. ఎన్నో వారాల తర్వాత విన్న చప్పుడు అది. యాదగిరి చప్పట్లు కొట్టాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గొప్పకు పోయి పెట్టానన్నది నిజమే. కానీ వాడు ఎప్పటిలా తింటుంటే చూడాలని కూడా పెట్టాను. ఈ రెండో ముక్క చెప్పుకుంటే తప్పు తగ్గుతుందేమో అని చాలాసార్లు ఆశపడ్డాను. తగ్గలేదు.

సాయంత్రం అక్క వచ్చింది.

"మూడున్నర గంజి పోసినవా?"

"పోసిన."

"తిన్నడా?"

"గిన్నె నాకిండు."

గిన్నె నాకిన మాట అబద్ధం కాదు. ఏ గిన్నె అన్నదే నేను చెప్పలేదు. అక్క సంతోషంగా ఎర్ర పెన్సిల్ తీసి మూడో వరసలో ఐదో గడికి టిక్కు పెట్టింది.

తెల్లారేసరికి గుండీ లేవలేదు. కడుపు డోలులా బిగిసింది. ముట్టుకుంటే మూలిగాడు. అక్క నా ముఖంలోకి చూసింది.

"విఠలా, ఏమన్న వేరేది పెట్టినవా?"

"లేదక్కా. చార్టు జూడు."

అక్క మేడమ్‌కు ఫోను చేసింది. ఫోను స్పీకరులో ఉంది. "గట్టిది ఏమైనా తిన్నాడా? ఎముక లాంటిది?" అని మేడమ్ అడిగింది. అక్క ఫోను నా నోటి దగ్గర పెట్టింది.

"లేదు మేడమ్."

"అయినా సరే, వెంటనే తీసుకొచ్చెయ్యండి," అంది ఆమె.

వెంటనే. ఆ మాట నేనూ విన్నాను, అక్కా విన్నది. "గ్యాస్ అయ్యుంటదక్కా. జర వాము నీళ్ళు పోద్దాం. గీ టైంల ఆటో దొరకది," అని అక్కను నమ్మించి మధ్యాహ్నం దాకా సాగదీసింది నేను. నాంపల్లిలో ఆటో దొరకదట! మా గల్లీ చివర ఆటోలు మనుషుల కంటే ఎక్కువ ఉంటాయి. దవాఖానకు వెళితే నా అబద్ధం బయటపడుతుందని భయం. ముప్ఫై ఏళ్ళ మాస్టరు, యాభై మూడేళ్ళ మగాడు, అక్క తిడుతుందని భయపడి గుండీకి వాము నీళ్ళు తాగించబోయాడు. నవ్వండి. ఇక్కడ నవ్వకపోతే నన్ను ఎక్కడా క్షమించలేరు.

మధ్యాహ్నం వాడు కక్కి, పక్కకు ఒరిగిపోయాడు. అక్క వాణ్ణి చీర కొంగులో చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రెండంతస్తులు దిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. నేను చేతులు కాలాక ఆ చార్టు పట్టుకుని వెనక పరుగెత్తాను, ఎందుకో నాకే తెలియదు.

ఎక్స్‌రే తీసి మేడమ్ వెలుతురు పలక మీద పెట్టింది. పేగుల మధ్య నా అబద్ధం తెల్లగా, ముక్కలు ముక్కలుగా కనిపించింది. అక్క కళ్ళద్దాలు పెట్టుకుంది.

"ఇయ్యేంది బిడ్డా, తెల్లగ?"

"ఎముక ముక్కలమ్మా."

మేడమ్ నా వైపు చూడలేదు. అక్క కూడా చూడలేదు. ఆ పలకనే చూస్తూ అడిగింది.

"మూడో దినం, ఐదో గడి గదా?"

"ఔ అక్కా," అన్నాను.

అంతే. ఆమె తిడుతుందని కదా నేను మధ్యాహ్నం దాకా సాగదీసింది? ఆమె తిట్టలేదు.

లోపలి కుట్టు విడిపోయి విషమంతా కడుపులోకి కారుతోందని, ఇప్పుడు చిన్న కోతలతో పని జరగదని మేడమ్ చెప్పింది. ఈసారి రొమ్ము కింద నుంచి తొడల దాకా తెరిచారు. బయటికి ఇరవై రెండు కుట్లు పడ్డాయి. యాదగిరిని మించిన అంకె. పెద్ద కోత, నేను కోరుకున్నటువంటి కోత, మా సందు మొత్తం తలెత్తి చూడదగ్గ కోత. నేను సందులో ఎవరికీ చెప్పలేదు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని సామెత. మృదుల మేడమ్‌కు రెండు గంటలు, నాకు ఒక బొక్క.

రెండు రోజులు సెలైన్ల మీద ఉన్నాడు. అక్క అక్కడే బెంచీ మీద ఉండిపోయింది. మూడో రోజు పొద్దున ఎండ కిటికీలోంచి పడుతుండగా, అక్క ఒళ్ళో తల పెట్టుకుని గుండీ పోయాడు. నేను కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. ఆఖరున ఒకసారి తోక కదిలింది. నన్ను చూసి అనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

పూడ్చేటప్పుడు ఆ బూడిదరంగు అంగీయే తొడిగాం. అక్క తన సంచి వెతికి, ఎప్పటిదో ఐస్‌క్రీమ్ చెక్క చెంచా తీసింది. తీసి ఆ జేబులో పెట్టింది. కుక్కకు జేబెందుకని అడిగిన మనిషి.

ఆ తర్వాత అక్క నాకు రోజూ టిఫిన్ కట్టింది, దుకాణానికి పంపింది, కూరలో ఉప్పు తగ్గలేదు. మాట మాత్రం తగ్గింది. ఆదివారం పుస్తకాలకు వెళ్దామా అంటే, "నువ్వు పోయిరా," అనేది. ఒక్కణ్ణే వెళ్ళి మొజంజాహీ మార్కెట్ దగ్గర ఒక కప్పు ఐస్‌క్రీమ్ కొన్నాను. సగం తిని, అడుగు వదిలేసి, కప్పు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

దసరా ముందు మృదుల మేడమ్ కొత్త కోటు కుట్టించుకోవడానికి దుకాణానికి వచ్చింది. అదే సమయానికి అక్క టిఫిన్ డబ్బాతో వచ్చింది. కొలతలు తీసుకున్నాను. టేపు మెడలో వేసుకుని అడిగాను.

"మేడమ్, ఆ రోజు తీసిన వీడియో ఉన్నదా?"

ఆమె ఫోను తీసి కత్తిరింపు బల్ల మీద పెట్టింది. అక్క కూడా వచ్చి పక్కన నిలబడింది. కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూశాను. గులాబీ రంగు పేగు, రెండు కొసలు కలిసిన చోట గుండ్రంగా కుట్లు. ఒకదానికొకటి సమానమైన దూరం. బిగువు ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఎక్కడా ముడత లేదు. పట్టుబట్ట మీద కూడా నా చెయ్యి అంత శుభ్రంగా నడవదు. ఇదంతా రెండు వేళ్ళంత కోతలో నుంచి బయటికి తీసి, కుట్టి, మళ్ళీ ఎవరికీ కనిపించకుండా లోపల పెట్టేసింది ఆ అమ్మాయి. దర్జీకి, దేవుడికే ఎరుక. ఆ దర్జీ చూడటానికి రానన్నాడు.

"చక్కగ కుట్టింది," అంది అక్క. తర్వాత మెల్లగా, "నువ్వు ఊడదీసినవ్," అంది.

"అలా అనొద్దమ్మా," అంది మేడమ్. "ఆ బొక్క వల్లే అని నేను చెప్పలేను. పేగు కుట్టు ఒక్కోసారి దానంతటదే విడిపోతుంది, అదీ మూడు నాలుగు రోజులకే. కాదని కూడా చెప్పలేను."

"నీది మంచి మనసు బిడ్డా," అంది అక్క.

ఆరేళ్ళుగా ఆ రెండు మాటల మధ్యే తిరుగుతున్నాను. వల్లే అని చెప్పలేను, కాదని చెప్పలేను. కానీ వాము నీళ్ళ సంగతి ఉందే, దానికి ఆ మొదటి మాట కూడా లేదు. అప్పుడే ఎవరో వచ్చి "మాస్టర్, నా పాంటు అయిందా?" అన్నాడు. అలవాటుగా పాంటు తీసి లోపలి వైపు తిప్పి ఆయన చేతిలో పెట్టాను. పాఠం చెబుదామని నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. ఆయన పాంటులో ఏదో ఘోరం జరిగిందనుకుని హడలిపోయాడు.

చార్టు ఇప్పటికీ మా గోడ మీదే ఉంది. మూడో వరస తర్వాత అన్నీ ఖాళీ గడులు. ఐదో గడిలో ఆ ఎర్ర టిక్కు అలాగే ఉంది. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు దిద్దిన మా అక్క తప్పు జవాబుకు టిక్కు పెట్టింది ఆ ఒక్కసారే. అది కూడా తమ్ముడి మాట మీద.

కాబట్టి చదివిన మీ అందరి ఎదుట, నా కత్తెర మీద, టేపు మీద, నిలువుటద్దం మీద ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఏ కుట్టుకూ బయటి నుంచి తీర్పు చెప్పను. లోపలికి చూడమని పిలిస్తే కాళ్ళు వణికినా వెళ్ళి చూస్తాను. మెల్లగా మాట్లాడేవాళ్ళ మాట ముందు వింటాను. డాక్టరు వెంటనే అంటే ఆటో కోసం గల్లీ చివరికి పరుగెడతాను. గిన్నె నాకాడని అనవలసి వస్తే, ఏ గిన్నో కూడా చెబుతాను.

ఇదంతా రాసి అక్కకు ఇచ్చాను. ఒక్కో కాగితం తిప్పుతూ మొత్తం చదివింది. రెండు చోట్ల నవ్వింది, ఒక చోట కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. చివర ప్రమాణం దగ్గరికి వచ్చి చెవి మీది ఎర్ర పెన్సిల్ అందుకుంది. అక్క పెన్సిల్‌ను కాసేపు ఆ ప్రమాణం పక్కన ఆనించి ఉంచింది. తర్వాత టిక్కు పెట్టకుండానే మళ్ళీ చెవి మీద పెట్టుకుంది.

"పద్నాలుగు దినాలు గానియ్యి," అంది, "అప్పుడు జూస్త."